విట్గెన్‌స్టైన్ మిగిల్చిన కాగితాలు: ఒక జాబితా ఎలా తయారైంది, అది ఏం చెబుతుంది

ఆస్ట్రియా తత్త్వవేత్త లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ రాతప్రతుల మీద పనిచేసే ప్రతి పరిశోధకుడూ వాడే జాబితాలో 234 అనే సంఖ్య ఒకటి ఉంది. ఆ సంఖ్య చెప్పి అడిగితే తీసి ఇవ్వడానికి ఏ గ్రంథాలయంలోనూ కాగితం లేదు. 1953లో వెలువడిన ఆయన పుస్తకం 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్' రెండో భాగానికి ఆధారమైన టైపుప్రతి అది. అచ్చుకు వెళ్లిన ఆ ప్రతి తరవాత ఎవరికీ దొరకలేదు. అయినా జాబితా తయారుచేసినవాడు దానికి ఒక సంఖ్య కేటాయించి, పోయిందని రాసి ఉంచాడు. చేతిలో ఉన్నవాటిని లెక్కపెట్టడానికే జాబితా అయితే ఈ పని అనవసరం. ఒక ఆలోచన ఏయే కాగితాల మీదుగా నడిచి పుస్తకమైందో చూపడం కూడా జాబితా పనే అనుకుంటే మాత్రం, పోయిన కాగితానికి కూడా దాని స్థానం దానికి ఉండాలి. విట్గెన్‌స్టైన్ కాగితాల విషయంలో ఈ రెండో దృష్టి ఎందుకు తప్పనిసరి అయిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1889లో వియన్నాలో పుట్టి 1951 ఏప్రిల్ 29న కేంబ్రిడ్జిలో మరణించిన ఈ తత్త్వవేత్త బతికుండగా అచ్చు వేయించిన రచనలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1913లో ఒక పుస్తక సమీక్ష, 1921లో మొదటిసారి వెలువడిన 'ట్రాక్టాటస్' అనే తర్కతత్త్వ గ్రంథం, ఆస్ట్రియా పల్లెబడులలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో పిల్లల కోసం తయారుచేసి 1926లో అచ్చు వేయించిన వర్ణక్రమ నిఘంటువు, 1929లో ఒక చిన్న పరిశోధనా వ్యాసం. ప్రధానమైనవి ఇంతే. మిగిల్చిపోయిన కాగితాలు మాత్రం దాదాపు 20,000 పేజీలు. మరణానికి మూడు నెలల ముందు, 1951 జనవరి 29న రాసిన వీలునామాలో ఆయన తన అముద్రిత రచనల హక్కును రష్ రీస్, ఎలిజబెత్ ఆన్స్‌కం, జార్జ్ హెన్రిక్ ఫాన్ రైట్ అనే ముగ్గురికి అప్పగించారు. వాటిలో వారికి తగినవని తోచినన్నింటిని ప్రచురించాలన్నది ఆయన కోరిక. ఏది తగినది, ఏ క్రమంలో, ఏ రూపంలో అన్న ప్రశ్నలన్నీ 'తోచినన్ని' అనే ఆ మాట నీడలోనే ఉండిపోయాయి.

ముగ్గురూ ఆయన దగ్గర చదువుకున్నవారే, ఆయన మనసెరిగినవారే. 1953 నుంచి వరసగా పుస్తకాలు తెచ్చారు. చిక్కేమిటంటే, ఆ పుస్తకాలు ఏ కాగితాల నుంచి వచ్చాయో, ఎంత తీసుకున్నారో, ఎంత వదిలేశారో బయటి పాఠకుడికి తెలిసే మార్గం చాలాకాలం లేదు. ముందుమాటలలో ఒకటి రెండు పేరాల సమాచారం ఉండేది, అంతే. కాగితాలన్నింటి పూర్తి పట్టిక మొదటిసారి 1969లో, అంటే ఆయన పోయిన 18 ఏళ్లకు, 'ఫిలసాఫికల్ రివ్యూ' పత్రికలో ఫాన్ రైట్ రాసిన వ్యాసంగా వచ్చింది. ఈలోగా ఒక తరం పాఠకులు ఆ పుస్తకాలను విట్గెన్‌స్టైన్ తానే రాసి ముగించిన గ్రంథాలుగా చదివేశారు. పట్టిక ముందు వచ్చి పుస్తకాలు తరవాత వచ్చి ఉంటే ఆయన గురించి జరిగిన చర్చల తీరే వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. కాగితాలు ఒకచోట ఉంటే కదా పట్టిక వేయడానికి. కొన్ని కేంబ్రిడ్జిలో, కొన్ని ఆక్స్‌ఫర్డ్‌లో, మరికొన్ని వియన్నాలోని బంధువుల ఇళ్లలో, ఇంకొన్ని ఆస్ట్రియాలో గ్మున్‌డెన్ అనే ఊళ్లో ఆయన సోదరి మార్గరెట్ స్టోన్‌బరో ఇంట్లో ఉండిపోయాయి. 1949 చివర నుంచి 1950 మొదటి నెలల దాకా వియన్నాలో గడిపినప్పుడు ఆయన తన పాత కాగితాలను చాలావరకు తగలబెట్టించారని ఫాన్ రైట్ నమోదు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఉన్నప్పుడు రాసుకున్న మూడు నోటుపుస్తకాలు ఆ సమయంలో గ్మున్‌డెన్‌లో ఉండబట్టి బతికాయి. ట్రాక్టాటస్‌కు ముందురూపమైన రాతప్రతి 1965లో వియన్నాలో బయటపడింది. 1967లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం కోసం అందుబాటులో ఉన్న కాగితాలన్నింటికీ మైక్రోఫిల్ము తీసే పని జరిగినప్పుడు మాత్రమే వాటిని మొత్తంగా ఒక వరసలో చూసే అవసరం గట్టిగా ముందుకొచ్చింది. 1969 మేలో ఆ ముగ్గురూ తమ దగ్గరున్న మూలప్రతులను కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు అప్పగించారు. ఈనాటికీ కొన్ని ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో, కొన్ని వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో, కొన్ని కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలోని బెర్ట్రండ్ రసెల్ ఆర్కైవులో ఉన్నాయి. కనుక ఇక్కడ జాబితా అంటే ఒక భవనంలోని అరల పట్టిక కాదు. వేర్వేరు దేశాలలో చెదిరిన కాగితాలను సంఖ్యల ద్వారా ఒకచోట చేర్చే ఏర్పాటు.

ఫాన్ రైట్ వేసిన పద్ధతి చూడడానికి ఎంతో సాదాగా ఉంటుంది. చేతిరాత ప్రతులన్నీ 101 నుంచి, టైపుప్రతులన్నీ 201 నుంచి, విట్గెన్‌స్టైన్ చెబుతుండగా ఇతరులు రాసుకున్న ప్రతులన్నీ 301 నుంచి మొదలవుతాయి. 1969 నాటికి చేతిరాతలు 182 దాకా వచ్చాయి. నూరేసి అంకెల జాగా ముందే వదిలిపెట్టడం వల్ల తరవాత దొరికినవాటిని పాత సంఖ్యలు కదల్చకుండా చేర్చుకునే వీలు కలిగింది. పరిశోధకులు చేతిరాత ప్రతిని ఎం.ఎస్. అనీ, టైపుప్రతిని టి.ఎస్. అనీ, చెప్పి రాయించినదాన్ని డి. అనీ గుర్తిస్తారు. విషయాన్ని బట్టి, అంటే గణితం ఒకవైపు, మనస్తత్వం ఒకవైపు, నీతి ఇంకోవైపు అని విభజించే ప్రయత్నం ఫాన్ రైట్ చేయలేదు. అలా చేసి ఉంటే పెద్ద పొరపాటయ్యేది. ఎందుకంటే ఈ నోటుపుస్తకాలలో ఒకే పేజీలో లెక్కల నిరూపణ గురించి నాలుగు మాటలు, నొప్పి అనే మాట వాడుక గురించి మూడు మాటలు, బ్రామ్స్ సంగీతం గురించి ఒక మాట కనిపించడం మామూలు.

పుస్తకాల ముఖం చూసి కాకుండా కాగితం ముఖం చూసి వేసిన ఈ విభజనలో ఒక నిగ్రహం ఉంది. ఇది చేతిరాత, ఇది టైపు, ఇది ఒకరికి చెప్పి రాయించినది అనడానికి వ్యాఖ్యానం అక్కరలేదు, కళ్లు చాలు. 'ఇది పూర్తయిన రచన, ఇది చిత్తుప్రతి' అని విభజించాలంటే మాత్రం విట్గెన్‌స్టైన్ ఉద్దేశాల గురించి తీర్పు చెప్పాలి. అటువంటి తీర్పులు పుస్తకాల సంపాదకుడిగా ఫాన్ రైట్ కూడా చెప్పినవాడే; జాబితాకర్తగా మాత్రం వీలైనంత వెనక్కి తగ్గాడు.

ఈ సంఖ్యలను కాలక్రమం అనుకుని మోసపోవడం కొత్త పాఠకులకు తరచుగా జరిగేది. 101, 102, 103 యుద్ధకాలపు నోటుపుస్తకాలు; 104 ట్రాక్టాటస్ ముందురూపం; 105 నుంచి 122 దాకా విట్గెన్‌స్టైన్ తానే ఒకటి నుంచి 18 వరకు సంపుటాలుగా లెక్కపెట్టుకున్న పెద్ద పుస్తకాలు. ఇంతవరకు వరస కాలంతోపాటే దాదాపుగా నడుస్తుంది. ఆ తరవాత చిన్న నోటుపుస్తకాలు, జేబుపుస్తకాలు, విడికాగితాలు వేరే వరసలుగా వస్తాయి, ప్రతి వరసలోనూ కాలం మళ్లీ వెనక్కి వెళ్లి మొదలవుతుంది. ఎం.ఎస్. 144 1949 నాటిది. దాని పక్కనే ఉన్న 145 1933 నాటిది. 153వ సంఖ్య పడ్డ జేబుపుస్తకాలు 1931వి. '153లో ఇలా అన్నాడు, కాబట్టి 144లో అన్నదాని నుంచి ముందుకు సాగాడు' అని ఎవరైనా రాస్తే ఆ వాదం తలకిందులుగా నిలబడ్డట్టే.

సంఖ్యల మధ్య దాగిన మరో విషయం ఆయన ఉపాధ్యాయ జీవితానికి సంబంధించింది. ఎం.ఎస్. 104కు ఆధారమైన పని 1918తో ముగుస్తుంది, ఎం.ఎస్. 105 1929 ఫిబ్రవరి 2న మొదలవుతుంది. ఒకదాని వెంట ఒకటిగా ఉన్న ఈ రెండు సంఖ్యల మధ్య పదేళ్లకు పైబడిన కాలం ఉంది. ఆ కాలంలోనే ఆయన తండ్రి నుంచి వచ్చిన ఆస్తిని వదులుకుని, వియన్నాలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1920 నుంచి 1926 దాకా దిగువ ఆస్ట్రియాలోని ట్రాటెన్‌బాఖ్, పుఖ్‌బెర్గ్, ఓటర్‌తాల్ వంటి ఊళ్లలో ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. పిల్లలను కొట్టే ఉపాధ్యాయుడిగా ఆయనకు చెడ్డపేరు కూడా వచ్చింది. అలాంటి ఒక ఘటన తరవాతే 1926 వసంతంలో బడిని విడిచిపెట్టారు. ఆ ఏళ్లలో రాసుకున్న తాత్త్విక నోటుపుస్తకాలేవీ జాబితాలో లేవు. ఉన్నది ఒక్క చిన్న టైపుప్రతి, టి.ఎస్. 205. 1925 ఏప్రిల్ 22న ఓటర్‌తాల్‌లో రాసిన నిఘంటువు ముందుమాట అది. నిఘంటువు అచ్చయినప్పుడు ఆ ముందుమాట అందులో చేరలేదు.

ఆ ముందుమాటలో ఆయన తలపెట్టిన ప్రశ్న ఏమిటో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పల్లెబడి పిల్లలకు అందుబాటు ధరలో, వాళ్లు వాడే మాటలతో ఒక నిఘంటువు కావాలి. అందులో మాటలను ఏ క్రమంలో పెట్టాలి? అక్షరక్రమాన్ని కఠినంగా పాటిస్తే ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటల మధ్య సంబంధం లేని మాట వచ్చి కూర్చుంటుంది. కుటుంబాలుగా చేరిస్తే పిల్లవాడికి మాట ఎక్కడుందో వెతకడం కష్టమవుతుంది. ఏ ఒక్క సూత్రమూ అన్ని సందర్భాలకూ సరిపోదని, రెండు సూత్రాలు పోటీపడే చోట పిల్లవాడి అవసరాన్ని బట్టి ఒక్కొక్క చోట ఒక్కొక్క నిర్ణయం చేయాల్సి వస్తుందని ఆయన వివరిస్తారు. తన కాగితాలకు క్రమం వేయబోయేవారికి ఎదురు కానున్న చిక్కు సరిగ్గా ఇదే. అక్షరక్రమం స్థానంలో సంఖ్యాక్రమం, ధాతుసంబంధం స్థానంలో ఆలోచనల మధ్య సంబంధం పెట్టుకుంటే చాలు.

ఇక అసలు చిక్కు ఆయన రాసే పద్ధతిలో ఉంది. విట్గెన్‌స్టైన్ అధ్యాయాలుగా రాసే రచయిత కాదు. ఒక వాక్యం నుంచి ఒక పేజీ దాకా సాగే ఖండికలుగా రాసేవారు. ఖండికకు, ఖండికకు మధ్య ఒక వరస ఖాళీ. జేబుపుస్తకంలో తోచినది తోచినట్టు రాసుకుని, అందులో నిలిచినదాన్ని పెద్ద సంపుటంలోకి, చాలాసార్లు తేదీతో సహా, ఎక్కించేవారు. కొంతకాలానికి ఆ సంపుటాల నుంచి ఎంచిన ఖండికలను టైపిస్టుకు చెప్పి టైపు చేయించేవారు. ఆ తరవాత కత్తెర పట్టేవారు. టైపుకాగితాలను ఖండికలుగా కత్తిరించి, కొత్త వరసలో పేర్చి, ఆ వరసను మళ్లీ టైపు చేయించి, ఆ కొత్త ప్రతి అంచుల మీదా వెనకవైపూ చేత్తో దిద్దుకుని, ఆ దిద్దుబాట్లు ఎక్కువైతే మరో నోటుపుస్తకంలో తిరగరాయడం మొదలుపెట్టేవారు. ఇది ఒకసారి జరిగి ఆగినది కాదు, రెండు దశాబ్దాలు సాగింది.

జాబితాలో ఈ ప్రయాణాన్ని వెతికితే ఇలా కనిపిస్తుంది. 1929 తరవాతి సంపుటాల నుంచి టి.ఎస్. 208, 210, 211 అనే టైపుప్రతులు తయారయ్యాయి. వాటిని కత్తిరించగా వచ్చిన ముక్కల కట్ట టి.ఎస్. 212. ఆ ముక్కల వరసను తిరిగి టైపు చేయగా వచ్చింది టి.ఎస్. 213; 768 పేజీల ఈ ప్రతిని పండితులు 'బిగ్ టైప్‌స్క్రిప్ట్' అంటారు. అధ్యాయాలు, ఉపశీర్షికలు, విషయసూచిక ఉన్న అరుదైన ప్రతి ఇది, పుస్తకానికి అంత దగ్గరగా వచ్చిన రూపం ఆయన కాగితాలలో చాలా తక్కువ. అయినా టైపు ఆరకముందే దాన్ని మార్చడం మొదలుపెట్టారు. ఆ మార్పులు ఎం.ఎస్. 114, 115, 140లలోకి పాకాయి.

ఇప్పుడు జాబితాకర్త ముందున్న ప్రశ్న ఏమిటో ఊహించండి. ఒకే ఖండిక జేబుపుస్తకంలో ఒకసారి, సంపుటంలో ఒకసారి, మొదటి టైపుప్రతిలో ఒకసారి, కత్తిరించిన ముక్కగా ఒకసారి, పెద్ద టైపుప్రతిలో ఒకసారి, సవరించిన నోటుపుస్తకంలో ఇంకోసారి ఉంది; ప్రతిచోటా ఒకటి రెండు మాటలు తేడా. దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా, ఆరుగానా? ఫాన్ రైట్ పద్ధతిలో సంఖ్య పడేది వస్తువుకు, అంటే నోటుపుస్తకానికో టైపుకట్టకో, ఖండికకు కాదు. కానీ విట్గెన్‌స్టైన్ ఆలోచనలో కదిలే ఘటకం ఖండికే. వస్తువు స్థిరంగా ఉంటుంది, ఖండిక వస్తువు నుంచి వస్తువుకు వలసపోతూ ఉంటుంది. ఈ కాగితాల గురించి వచ్చిన వివాదాలలో అధికభాగం ఈ రెండు లెక్కల మధ్య తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

వాటిలో ఒకటి పెద్ద టైపుప్రతి చుట్టూ నడిచింది. 1969లో రష్ రీస్ 'ఫిలసాఫికల్ గ్రామర్' అనే పేరుతో ఒక పుస్తకం సంపాదకత్వం వహించి తెచ్చారు. దాన్ని చదివినవారు అది ఒక రాతప్రతి అనుకున్నారు. నిజానికి టి.ఎస్. 213ను, దాన్ని సవరిస్తూ వచ్చిన చేతిరాత ప్రతులను కలిపి, ఆ సవరణలలో విట్గెన్‌స్టైన్ సూచించిన దారిని అనుసరిస్తూ రీస్ నిర్మించిన పాఠం అది. పెద్ద టైపుప్రతిలోని తత్త్వశాస్త్రం స్వభావాన్ని గురించిన ప్రసిద్ధ అధ్యాయం వంటివి అందులో చోటు చేసుకోలేదు. ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన ఆంథొనీ కెన్నీయే 1976లో ఈ సంపాదకత్వాన్ని గట్టిగా విమర్శించాడు. పెద్ద టైపుప్రతి తన అసలు రూపంలో ఇంగ్లీషు అనువాదంతో సహా విడిగా 2005లో వచ్చింది. రీస్ ఏదో దాచిపెట్టారని చెప్పడం అన్యాయం. రచయిత ముగించని పనిని రచయిత వెళుతున్న దిశలో కొంత దూరం తీసుకెళ్లడం తన బాధ్యత అనుకున్నారు, వీలునామా కూడా అందుకు అడ్డు చెప్పలేదు. కానీ పుస్తకం పేరు మాత్రమే తెలిసి సంఖ్యలు తెలియని పాఠకుడికి, ఏ వాక్యం 1933 నాటి నిర్ణయమో, ఏది తరవాతి సవరణో, ఏది సంపాదకుడి కూర్పో తెలుసుకునే దారి ఉండదు. జాబితా చేతిలో ఉంటే ఉంటుంది.

టి.ఎస్. 233 కథ ఇంకాస్త సున్నితమైనది. అది ఒక పెట్టెలో దొరికిన కాగితపు ముక్కల సమూహం. ఎక్కువగా 1945 నుంచి 1948 దాకా తయారైన టైపుప్రతుల నుంచి కత్తిరించినవి, కొన్ని ఇంకా పాతవి, కొన్ని చేతిరాతవి. కొన్ని ముక్కలను క్లిప్పులు పెట్టి కట్టలుగా ఉంచారు, కొన్ని విడిగా పడి ఉన్నాయి. ప్రతి ముక్కా ఏ ప్రతి నుంచి వచ్చిందో తత్త్వవేత్త పీటర్ గీచ్ ఓపికగా గుర్తించి, విడిముక్కలను విషయసంబంధాన్ని బట్టి అమర్చాడు. ఆ అమరికే 1967లో 'త్సెట్టెల్' (చీటీలు) అనే పుస్తకమైంది. ఆర్కైవుల పనిలో మొదటి నియమం, కాగితాలు దొరికిన వరసను చెరపకూడదన్నది. ఎందుకంటే వరస కూడా రచయిత చెప్పిన మాటే కావచ్చు. మరి పెట్టెలో విడిగా పడి ఉన్న ముక్కల వరస విట్గెన్‌స్టైన్ నిర్ణయమా, ఎవరో పెట్టెను కదిపినప్పుడు జరిగిన యాదృచ్ఛికమా? దీనికి జాబితా సమాధానం చెప్పలేదు. ఇవి ముక్కలు, ఇదీ వాటి మూలం అని మాత్రమే చెప్పగలదు. పుస్తకం చదివేవాడు 300వ ఖండిక తరవాత 301 రావడంలో వాదక్రమం వెతుకుతాడు. అది కొన్నిచోట్ల రచయితది, కొన్నిచోట్ల గీచ్‌ది.

ఒకే వస్తువులో రెండు కాలాలు కలిసి ఉండడం మరో ఇబ్బంది. ఎం.ఎస్. 115 మొదటి భాగం 1933–34 నాటిది. ఆ పుస్తకంలో పేజీలు ఖాళీగా మిగిలాయి; 1936 ఆగస్టులో నార్వేలో ఉన్నప్పుడు 118వ పేజీ నుంచి, అంతకుముందు విద్యార్థులకు ఇంగ్లీషులో చెప్పి రాయించిన 'బ్రౌన్ బుక్'ను జర్మనులో తిరగరాయడం మొదలుపెట్టారు. 292వ పేజీ దాకా వచ్చి, ఈ ప్రయత్నం మొత్తం ఎందుకూ పనికిరాదని రాసి ఆపేశారు. అదే శరత్కాలంలో కొత్తగా మొదలుపెట్టిన పని ఎం.ఎస్. 142, అంటే ఇన్వెస్టిగేషన్స్‌కు తొలిరూపం. ఒకే సంఖ్య కింద ఉన్న మొదటి సగం పెద్ద టైపుప్రతి కుటుంబానికి, రెండో సగం ఇన్వెస్టిగేషన్స్ కుటుంబానికి చెందుతాయి. 1929 నాటి తొలి సంపుటాలలోనైతే ముందు కుడిపేజీల మీద రాసుకుంటూ పోయి, తరవాత ఎడమపేజీలకు తిరిగివచ్చిన చోట్లు ఉన్నాయి. పేజీల వరసలో చదివితే ఆలోచన తెగిపోతుంది. యుద్ధకాలపు పుస్తకాలలో కుడివైపు తర్కం, ఎడమవైపు సొంత జీవితపు రాతలు. ఎడమవైపు రాసినది అక్షరమాలను తిరగేసి, ఎ బదులు జడ్, బి బదులు వై అన్న పద్ధతిలో రాసిన గూఢలిపి. 1961లో ఆ నోటుపుస్తకాలు అచ్చయినప్పుడు ఎడమవైపు రాతలను వదిలేశారు. ఒకే సంఖ్యలో రెండు రచనలు పక్కపక్కనే నడుస్తుండగా ఒకటే ముద్రణలోకి వచ్చిందన్నమాట.

ఎం.ఎస్. 142 పేరు వచ్చింది కనుక దాని సంగతి చెప్పాలి. దాన్ని విట్గెన్‌స్టైన్ సోదరి మార్గరెట్‌కు కానుకగా ఇచ్చారు. తరవాత అది కనిపించకుండా పోయింది. జాబితాలో సంఖ్య మాత్రం నిలిచింది. 1993లో అది రుడాల్ఫ్ కోడర్ కుటుంబం దగ్గర దొరికింది. కోడర్ పుఖ్‌బెర్గ్ బడిలో విట్గెన్‌స్టైన్‌తో కలిసి పనిచేసిన ఉపాధ్యాయుడు, ఆయనతో సంగీతం పంచుకున్న స్నేహితుడు. తత్త్వశాస్త్ర పండితులు ఎవరి దగ్గరో ఉంటుందని వెతికిన ప్రతి, జాబితాలో జాడే లేని పల్లెబడి రోజుల స్నేహం చేతుల్లో భద్రంగా ఉందన్నమాట. దానితోపాటే అప్పటివరకు ఎవరి జాబితాలోనూ లేని ఒక దినచర్య పుస్తకం కూడా బయటపడింది. అది 1930ల నాటిది. దానికి వరసలో తరవాతి సంఖ్య 183 ఇచ్చారు. పోయిన ప్రతి తన పాత సంఖ్యలోకి వచ్చి కూర్చుంది, కొత్త ప్రతికి కొత్త సంఖ్య దొరికింది, మిగతావేవీ కదలలేదు. 1969 నాటి ఏర్పాటు గట్టిదనానికి ఇంతకంటే పరీక్ష అక్కరలేదు.

మూడో వర్గమైన డి. ప్రతులు సంఖ్యలో కొద్ది, 301 నుంచి పదకొండు. 1914లో నార్వేలో కేంబ్రిడ్జి తత్త్వవేత్త జి.ఇ. మూర్‌కు చెప్పి రాయించిన టిప్పణులు 301. 1933–34లో విద్యార్థులకు చెప్పి రాయించిన 'బ్లూ బుక్' 309. 'బ్రౌన్ బుక్' 310. ఆయన చెప్పగా ఇతరులు అక్షరం అక్షరం రాసుకున్నది ఈ వర్గంలో చేరుతుంది; తరగతిలో విద్యార్థులు తమంతట తాము రాసుకున్న నోట్సు చేరదు, ఉత్తరాలూ చేరవు. గీత స్పష్టంగానే ఉంది, కానీ కాగితాలు ఎప్పుడూ ఆ గీతకు లోబడవు. 1941లో చనిపోయిన ఫ్రాన్సిస్ స్కిన్నర్ అనే సన్నిహితుడు రాసిపెట్టుకున్న కాగితాలను విట్గెన్‌స్టైన్ రూబెన్ గుడ్‌స్టైన్ అనే గణితవేత్తకు ఇచ్చారు. అవి గుడ్‌స్టైన్ నుంచి ఇంగ్లండ్‌లోని మ్యాథమెటికల్ అసోసియేషన్‌కు చేరి, ఈ శతాబ్దంలోనే పండితుల దృష్టికి వచ్చి, 2020లో పుస్తకంగా వెలువడ్డాయి. స్కిన్నర్ చేతిరాత, విట్గెన్‌స్టైన్ మాట, కొన్నిచోట్ల విట్గెన్‌స్టైన్ దిద్దుబాటు. అలాగే యారిక్ స్మిథీస్ అనే స్నేహితుడితో కలిసి, రవీంద్రనాథ్ ఠాగూర్ 'రాజా' నాటకంలోని ఒక అంకం ఇంగ్లీషు పాఠాన్ని తమ భాషలో తిరగరాసుకున్నారు. ఠాగూర్ నాటకం, ఇద్దరి చేయి. ఏ వర్గంలో పెడతాం?

1990లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన విట్గెన్‌స్టైన్ ఆర్కైవు ఈ సమస్యను కంప్యూటరుతో ఎదుర్కొంది. ఫాన్ రైట్ సంఖ్యలను వారు మార్చలేదు. వాటిని అలాగే ఉంచి లోపలికి వెళ్లారు. ప్రతి ప్రతికి సంఖ్య, అందులో పేజీ, పేజీలో ఎన్నో ఖండిక అన్న మూడు మెట్ల చిరునామా ఇచ్చి, 20,000 పేజీలనూ అక్షరాలలోకి ఎక్కించి 2000లో సీడీల మీద ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ద్వారా విడుదల చేశారు. తరవాత చిత్రాలు, పాఠం రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసే ఏర్పాటు కూడా చేశారు. వస్తువుకు ఉన్న సంఖ్య ఖండికకు కూడా దక్కింది కనుక ఒక ఖండిక ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ కనిపించిందో ఇప్పుడు వెతికి చూడవచ్చు.

అయితే అక్షరాలలోకి ఎక్కించడం కూడా తీర్పు చెప్పడమే. విట్గెన్‌స్టైన్ ఒక మాటకు ప్రత్యామ్నాయం తోస్తే పాతదాన్ని కొట్టివేయకుండా రెండేసి ఏటవాలు గీతల మధ్య కొత్తది రాసేవారు; ఒక మాట మీద సందేహం ఉంటే దాని కింద అలలాంటి గీత గీసేవారు; ఖండిక నచ్చకపోతే అంచున ఒక గుర్తు పెట్టేవారు. ఈ గుర్తులన్నీ ఉంచితే చదవడం కష్టం, తీసేస్తే ఆయన ఇంకా నిర్ణయించుకోని చోట మనం నిర్ణయించినట్టవుతుంది. బెర్గెన్ వారు రెండు పాఠాలు ఇచ్చారు: కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చూపేది ఒకటి, ప్రత్యామ్నాయాలలో ఒకదాన్ని ఎంచి సాఫీగా చదివించేది మరొకటి. సాఫీ పాఠం నుంచి వాక్యం ఎత్తి ఉదాహరించేవారు ఉన్నది ఉన్నట్టు చూపే పాఠాన్ని కూడా ఒకసారి తెరిచి చూస్తే, తాము ఉదాహరిస్తున్న మాటను రచయిత ఖాయం చేశాడో, అల గీత కింద వదిలేశాడో తెలుస్తుంది.

2017లో యునెస్కో ఈ కాగితాలను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. తెలుగులో విట్గెన్‌స్టైన్ గురించి రాసేవారికి ఇందులో పనికొచ్చే సంగతి గౌరవం కంటే సౌకర్యమే. ఆయన మాటగా ఒక వాక్యం కనబడినప్పుడు, ముఖ్యంగా సంస్కృతి, మతం, సంగీతాల గురించిన వాక్యాలు కనబడినప్పుడు, అది ఎక్కువగా 1977లో ఫాన్ రైట్ వేర్వేరు నోటుపుస్తకాల నుంచి ఏరి కూర్చిన సంకలనం నుంచి వచ్చి ఉంటుంది. ఆ వాక్యానికి ముందూ వెనకా ఆయన ఏం రాశారో ఆ సంకలనంలో ఉండదు. రాతప్రతి సంఖ్యను, పేజీని పట్టుకుని బెర్గెన్ పాఠంలోకి వెళితే, సూక్తిగా చలామణి అవుతున్న మాట చాలాసార్లు గణితం గురించిన రెండు ఖండికల నడుమ, ఆనాటి తేదీ కింద, అంచున ఒక సందేహపు గుర్తుతో కనిపిస్తుంది.